జిన్‌కి జునిపర్ కాయలు ఎలా ఎంచుకోవాలి? నా దగ్గర మూడు ప్యాకెట్లున్నాయి, ఏది వాడాలో చెప్పండి

వైజాగ్_హామిల్టన్

అందరికీ నమస్తే. నేను న్యూజిలాండ్‌లో హామిల్టన్‌లో ఉంటాను. ఇక్కడ అమ్మకుండా సొంతానికి మాత్రమే అయితే ఇంట్లో స్పిరిట్ కాచుకోవడం 1996 నుంచి చట్టబద్ధం. ఇండియాలో ఇది నేరం కాబట్టి అక్కడున్నవాళ్ళు దయచేసి ప్రయత్నించకండి.

మా నాన్నగారు నేవీలో పనిచేసి రిటైరయ్యారు. జనవరిలో ఇక్కడికి వస్తున్నారు. ఆయనకు రమ్ము కన్నా జిన్ ఇష్టం. సాయంత్రం పూట ఒకే ఒక్క పెగ్గు, ఒక నిమ్మబద్ద, అంతే. ఈసారి నా చేత్తో కాచింది ఇవ్వాలని నా కోరిక. జిన్‌కి అసలు వాసన ఇచ్చేది జునిపర్ అనే పొద కాయలే.

మొదటి ప్రయత్నం పూర్తిగా పాడైంది. నాది టేబుల్ మీద పెట్టుకునే 4 లీటర్ల కరెంటు స్టిల్, అంటే సారాయి కాచే పాత్ర. న్యూట్రల్ స్పిరిట్‌లో (వాసనా రుచీ లేని సారాయి) నీళ్ళు కలిపి ఆల్కహాల్ 40 శాతానికి తెచ్చాను. జునిపర్ కాయలు 150 గ్రాములు మిక్సీలో తిప్పి వేశాను. ధనియాలు 40 గ్రాములు, కొంచెం ఏంజెలికా అనే మూలిక వేరు, ఒక నిమ్మకాయ తొక్క కూడా వేసి రెండు రోజులు నానబెట్టి కాచాను. వచ్చినది కొత్తగా రంగు వేసిన తలుపులాగా తార్పిన్ వాసన కొట్టింది. తాగే మోతాదుకి తేవడానికి నీళ్ళు కలపగానే బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా అయిపోయింది. మొత్తం పారబోశాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

ఇప్పుడు నా దగ్గర మూడు రకాలున్నాయి.

ఒకటి, ఇండియన్ గ్రోసరీలో కొన్న అరకిలో సంచి. దాని మీద 'హిమాలయన్ జునిపర్' అని తప్ప ఇంకేమీ లేదు. గోధుమ, నలుపు కలిసిన రంగు. పాడైన బ్యాచ్‌లో వేసింది ఇదే.

రెండోది, హోమ్ బ్రూ షాపులో కొన్న 100 గ్రాముల ప్యాకెట్. మాసిడోనియా సరుకని రాశారు. నీలం తిరిగిన నలుపు.

మూడోది, యూరోపియన్ సరుకులమ్మే కొట్లో కొన్న గాజు సీసా. ఇటలీది. మూడింట్లో ఖరీదు ఇదే.

ఇటలీది మంచిదని కొందరు, మాసిడోనియాది మంచిదని కొందరు అంటున్నారు. కాయ చూసి ఎలా తెలుసుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఇంకో బ్యాచ్ పారబోసే ఓపిక లేదు.

మిర్చియార్డు_అబ్బాయి

తమ్ముడూ, తార్పిన్ వాసన వచ్చిందంటే సగం తప్పు కాయది, సగం మోతాదుది. రెండూ సరిచేసుకోవచ్చు. నేను స్కాట్లండ్‌లో ఒక చిన్న డిస్టిలరీలో ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. జునిపర్ బస్తాలు వచ్చినప్పుడు విప్పి చూసే పని నాదే.

సరుకు చూడటం మాత్రం నేను ఇక్కడ నేర్చుకోలేదు. మాది గుంటూరు. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. సెలవుల్లో ఆయన వెంట వెళ్ళేవాణ్ణి. నాన్న టిక్కీ (మిర్చి బస్తా) పైన కనిపించే కాయల వంక చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. గుప్పిట బిగించి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. గింజ గలగలమంటే ఆరిన సరుకు, చప్పుడు లేకపోతే చెమ్మ ఉన్నట్టు. తరవాత ఒక కాయ విరిచి, నలిపి, వాసన చూసి, తాలు ఎంతుందో నేల మీద ఏరి చూపించేవాడు. రైతు ఏ ఊరివాడన్నది ఆఖరున అడిగే మాట. జునిపర్‌కీ అదే వరస. దేశం పేరు చివర చూడు.

ముందు మూడు తెల్ల పళ్ళేలు తీసుకుని ఒక్కో ప్యాకెట్ అడుగు నుంచి రెండు చెంచాల కాయలు పొయ్యి. పండిన జునిపర్ ఎండాక నేరేడు పండు రంగులో ఉండాలి. ద్రాక్ష మీద ఉన్నట్టు బూడిద రంగు పూత అక్కడక్కడా ఇంకా కనిపిస్తుంటే సంతోషించు. కాస్త ముడతలు పడినా పర్వాలేదు. పచ్చకాయలు, పుల్లలు, ముళ్ళలాంటి ఆకులు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

పచ్చకాయలు లెక్కపెట్టమనడానికి కారణం ఉంది. జునిపర్ కాయ పండటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. కాబట్టి ఒకే కొమ్మ మీద ఇంకా పండని పచ్చకాయ, పండిన నల్లకాయ పక్కపక్కనే ఉంటాయి. చెట్టంతా సన్నటి ముళ్ళు, చేత్తో ఏరడం చాలా కష్టం. ఇటలీలోని టస్కనీలోనూ మాసిడోనియా కొండల్లోనూ కొమ్మ కింద వెడల్పాటి జల్లెడో బుట్టో పట్టుకుని కర్రతో కొడతారు. పండినవి రాలతాయి, పచ్చివి కొమ్మకే ఉండిపోతాయి. ఆగకుండా బాదినా, కొమ్మలు దూసేసినా పచ్చివి కూడా వచ్చేస్తాయి. పళ్ళెంలో పచ్చకాయలు ఎక్కువున్నాయంటే కోసినవాళ్ళు తొందరపడ్డారన్నమాట. వాటితో జిన్ పచ్చి ఆకు వాసన, చేదు కొడుతుంది.

తరవాత ఒక కాయని బొటనవేలి గోటితో నొక్కు. లోపలి గుజ్జు కొంచెం జిగురుగా వేలికి అంటుకోవాలి. ఆ గుజ్జులో చక్కెర కూడా ఉంటుంది, నాలిక మీద పెడితే ముందు తీపి, ఆ వెంటనే ఘాటు తెలుస్తాయి. పొడి పొడిగా రాలిపోతే అది పాత సరుకు. అందులో నూనె పోయింది. యూరోపియన్ ఫార్మకోపియా (ఔషధాల ప్రమాణాల గ్రంథం) ప్రకారం ఔషధానికి వాడే జునిపర్ కిలోకి కనీసం 10 మిల్లీలీటర్ల నూనె ఉండాలి. పొడిరాలే కాయలో అంత ఉండే అవకాశం లేదు.

నొక్కిన వెంటనే వాసన చూడు. మంచి కాయకి పైన్ ఆకు నలిపిన వాసన, వెనకే నిమ్మతొక్క, ఆఖరున కొంచెం మిరియం ఉంటాయి. జునిపర్ నూనెలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆల్ఫా పైనీన్ అనే పదార్థం. తార్పిన్ నూనెలో ఉండేదీ ముఖ్యంగా అదే. తాజా కాయలో దానితో పాటు మిర్సీన్, సాబినీన్, లిమొనీన్ లాంటి సువాసన పదార్థాలు ఉంటాయి కాబట్టి ఆ వాసన నిండుగా, తియ్యగా అనిపిస్తుంది. ఏళ్ళ తరబడి గాలి తగిలితే నూనె కొంత ఎగిరిపోతుంది, మిగిలింది గాలితో కలిసి మారిపోయి పెయింటు వాసన మొదలవుతుంది. నీ మొదటి బ్యాచ్ కథ ఇదేనని నా అనుమానం.

ఇంకొక పని తప్పకుండా చెయ్యి. కాయ కొస చూడు, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. జిన్‌కి వాడే జునిపెరస్ కమ్యూనిస్ అనే జాతి కాయ కొస మీద మూడు గీతలు కలిసి చిన్న నక్షత్రంలా కనిపిస్తాయి. నిజానికి అది పండు కాదు, మూడు పొలుసులు కండపట్టి ఒకటిగా అతుక్కున్న కోను, పైన్ చెట్టుకి కాసేలాంటిదే. అందుకే కోస్తే మామూలుగా మూడు గింజలుంటాయి. హిమాలయాల్లో పెరిగే వేరే జునిపర్లు కొన్నిటికి కాయకి ఒకటే గింజ. హిమాలయాల్లో కమ్యూనిస్ కూడా పెరుగుతుంది కాబట్టి ఆ పేరున్నంత మాత్రాన తప్పు సరుకు అనను. గోవాలో కాచే 'హపుస' అనే జిన్ హిమాలయ జునిపర్‌తోనే చేస్తారు, సంస్కృతంలో జునిపర్ పేరే దానికి పెట్టారు. వాళ్ళు ఏ కాయ తెస్తున్నారో చూసి తెచ్చుకుంటారు. పేరూ ఊరూ లేని సంచి సంగతి అలా కాదు కదా. ప్యాకెట్‌కి పది కాయలు కోసి గింజలు లెక్కపెట్టు.

ఇటలీయా, మాసిడోనియానా అన్నదానికి ఇప్పుడు వస్తాను. ఒకే కొండ మీద కాయ కూడా ఆ ఏటి ఎండని, వానని బట్టి మారుతుంది. ఒక ఏడు పైన్ ముందుంటుంది, మరో ఏడు నిమ్మ ముందుంటుంది. అందుకే మేము సరుకు కొనేముందు నమూనాలు తెప్పించి చిన్న గాజు స్టిల్‌లో విడివిడిగా కాచి చూస్తాం. కొత్త కోతని పాత కోతతో కలిపి రుచి సమం చేస్తాం. నువ్వు షాపువాళ్ళని అడగాల్సింది 'ఏ ఏడు కోత' అని. ఎండిన కాయలు చక్కగా నిలవ చేస్తే ఏడాదిన్నర దాకా బాగుంటాయని నా అనుభవం. గుంటూరులో మిరప రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో పెడతారు చూడు, దీనికీ అంత జాగ్రత్త కావాలి. గాలి చొరని సీసాలో పోసి చీకట్లో, చల్లటి చోట పెట్టు. స్టవ్ పక్క అరలో వద్దు.

ఇక మోతాదు. లీటరుకి 20 గ్రాములు చాలు. 4 లీటర్లకి 80. నువ్వు దాదాపు రెట్టింపు వేశావు. జునిపర్ నూనె సారాయిలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నూనె ఎక్కువై, పైగా నీళ్ళు కలిపితే కరిగి ఉన్నది బయటికొచ్చి తెల్లబడుతుంది. మిక్సీ కూడా వద్దు, గింజలు పిండైపోతాయి. అప్పడాల కర్రతో కాయ చిట్లేదాకా ఒకసారి దొర్లిస్తే చాలు. నానబెట్టడం ఒక్క రాత్రి.

మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి స్టిల్ కూడా అక్కర్లేదు. మూడు సీసాల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున 40 శాతం స్పిరిట్ పోసి, 4 గ్రాముల చొప్పున కాయలు చిట్లించి వెయ్యి. మర్నాడు పొద్దున ఒక్కో దాంట్లోంచి చెంచాడు తీసి అంతే నీళ్ళు కలిపి వాసన చూడు. నీళ్ళు కలిపితే సారాయి ఘాటు తగ్గి కాయ గుణం తెలుస్తుంది. కాఫీ తాగకముందు చూడు, ముక్కు శుభ్రంగా ఉంటుంది.

ఒక మాట, జిన్‌తో సంబంధం లేకపోయినా చెప్పాలనిపిస్తోంది. మా దగ్గర కొండల మీద జునిపర్ సహజంగా పెరుగుతుంది. ఒకప్పుడు స్కాట్లండ్ హైలాండ్స్ నుంచి హాలండ్‌కి కాయలు ఎగుమతి అయ్యేవి. ఇప్పుడు ఫైటోఫ్తోరా ఆస్ట్రోసెడ్రి అనే తెగులు పట్టుకుంది. బ్రిటన్‌లో జునిపర్ మీద దాన్ని 2011లో మొదట గుర్తించారు. వేరు కుళ్ళి పొద పొదంతా ఇటుక రంగుకి తిరిగి ఎండిపోతుంది. బూట్లకి అంటిన మట్టితో కూడా అది పాకుతుంది. కొండెక్కి వచ్చిన ప్రతిసారీ నేను బూట్లు బ్రష్‌తో కడుగుతాను. మా పక్క కొండ మీద కాయలు నల్లగా మిసమిసలాడుతున్నా ఒక్కటి కూడా కొయ్యను, మా డిస్టిలరీకి సరుకు బాల్కన్ దేశాల నుంచే వస్తుంది. మీ దేశంలో బయోసెక్యూరిటీ నియమాలు ఇంకా గట్టివి. ఎవరిచేతా సూట్‌కేస్‌లో కాయలు తెప్పించుకోకు.

ద్రవ్యగుణం_తిరుపతి

నేను ఆయుర్వేద కళాశాలలో ద్రవ్యగుణం (మూలికల గుణాల పాఠం) చెబుతాను. మద్యం గురించి నాకు తెలియదు, కాయ గురించి రెండు మాటలు చెప్పాలి.

జునిపర్‌ని మేము హపుష అంటాం. ఉత్తరాదిలో హౌబేర్ అంటారు. మూలికల దుకాణాల్లో ఈ ఒక్క పేరు మీద రెండు మూడు జాతుల కాయలు అమ్ముతున్నారు. విద్యార్థులు నమూనాలు తెచ్చినప్పుడు మేమూ మొదట కాయ కోసి గింజలే చూపిస్తాం, పైన ఆయన చెప్పింది సరైన పద్ధతి. లడఖ్‌లో శుక్పా అని బౌద్ధ ఆరామాల్లో ధూపం వేస్తారు, అదీ జునిపరే, జాతి వేరు. ధూపానికి పనికొచ్చినదల్లా కడుపులోకి పనికిరాదు.

యూరప్‌లో జునిపెరస్ సబీనా అని ఇంకొకటి ఉంది. అది విషం. పూర్వం గర్భస్రావానికి వాడి ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారు. మంచి జాతి కాయలైనా సరే గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు తీసుకోకూడదు. బాబూ, మీ నాన్నగారికి షుగర్, బీపీ లాంటివి ఉండి మందులు వాడుతుంటే ముందు వాళ్ళ డాక్టర్ని అడగండి. ఏ జాతో తెలియని ఆ మొదటి సంచి మాత్రం వంటింట్లో ఉంచకండి.

ఎడిసన్_సుబ్బు

మిర్చియార్డు అన్నా, మేము అమెరికాలో ఉన్నాం. ఇక్కడ ఇంట్లో కాయడం నేరం. వోడ్కాలో జునిపర్ నానబెడితే జిన్ అవుతుందంటున్నారు, నిజమేనా? దానికీ ఇదే కాయా?

మిర్చియార్డు_అబ్బాయి

అవుతుంది సుబ్బూ. రంగు లేత పసుపుకో గోధుమకో తిరుగుతుంది, అది తప్పు కాదు. 750 మిల్లీలీటర్ల సీసాకి 15 గ్రాములు, చిట్లించకుండా కాయలుగానే వెయ్యి. పన్నెండు గంటల తరవాత రుచి చూడటం మొదలుపెట్టు, ఇరవైనాలుగు గంటలు దాటనివ్వకు. దాటితే తొక్కలోని చేదు దిగుతుంది. కాఫీ ఫిల్టర్లో వడకట్టు. స్టిల్‌లో అయితే పైకి ఆవిరయ్యేదే వస్తుంది, ఇందులో కాయలో ఉన్న మంచీ చెడూ అంతా గ్లాసులోకి వచ్చేస్తుంది. కాబట్టి నీకు ఇంకా తాజా కాయ కావాలి.

మేడమ్, మీరు చెప్పిన జాగ్రత్త నేనే ముందు చెప్పాల్సింది. ధన్యవాదాలు.

వైజాగ్_హామిల్టన్

అన్నా, మేడమ్, ఆదివారం మొత్తం ఇదే పని.

ఇండియన్ గ్రోసరీ సంచి: పది కాయలు కోశాను. పదింటిలోనూ ఒకటే గింజ, పెద్దది, కత్తి జారిపోయేంత గట్టిది. కొస మీద మూడు గీతలు ఒక్కదానికీ లేవు. నా చేతులు వణికాయి, ఎందుకంటే దాంతో కాచింది ఒక గుక్క రుచి చూశాను. ఏమీ కాలేదు కానీ ఇంక ఏ కాయా పరీక్షించకుండా వాడను. సంచి మొత్తం పారేశాను. కొట్టు అతన్ని కలిసి గింజలు చూపించాను. ఆయన పాపం నిజంగా తెలియక తెప్పించానని చెప్పి అరలో ఉన్నవి తీసేశాడు.

ఇటలీ సీసా: ఎనిమిదింట్లో మూడు గింజలు, రెండింట్లో రెండు. నక్షత్రం స్పష్టంగా ఉంది. కానీ గోటితో నొక్కితే ముక్కుపొడిలా రాలింది. అడిగితే రెండేళ్ళుగా అరలో ఉందన్నారు, అది కూడా కిటికీ పక్క అర.

మాసిడోనియా ప్యాకెట్: గింజలు దాదాపు అన్నిట్లో మూడు. 100 గ్రాములు మొత్తం పళ్ళెంలో పోసి ఏరితే పచ్చకాయలు పదకొండు, పుల్లలు నాలుగు. గుజ్జు వేలికి అంటుకుంది. సీసాలో నానబెట్టి మర్నాడు పొద్దున వాసన చూశాను. అరకులో పైన్ చెట్ల కింద నిలబడి దబ్బకాయ తొక్క విరిచినట్టుంది. మా ఆవిడకి జిన్ అంటే పడదు, ఆవిడ కూడా రెండోసారి వాసన చూసింది.

శనివారం కాస్తాను. 80 గ్రాములు, ధనియాలు 35, ఏంజెలికా 2, సగం నిమ్మకాయ తొక్క తెల్లభాగం లేకుండా. సరిపోతుందా?

మిర్చియార్డు_అబ్బాయి

సరిపోతుంది. ఆ పదకొండు పచ్చకాయలు తీసేశావు కదా, ఇంక భయం లేదు. ఏంజెలికా రెండు గ్రాములే వేసి మంచి పని చేశావు, అది పెరిగితే మట్టి వాసన పైకొస్తుంది. మొదట వచ్చే 30 మిల్లీలీటర్లు విడిగా తీసి పారేయి. వాసన తడిసిన అట్టలా మారగానే ఆపేయి, ఆఖరి చుక్క దాకా లాగకు. కిటికీ తెరిచి ఉంచు, దగ్గర్లో గ్యాస్ పొయ్యి వెలిగించి ఉండకూడదు. నీళ్ళు ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెం కలుపు. తరవాత రెండు వారాలు కదపకుండా ఉంచు. కాచిన రోజు జిన్ విడివిడిగా ఉంటుంది, ధనియం ఒకవైపు, జునిపర్ ఒకవైపు. రెండు వారాలకి కలిసిపోతాయి.

వైజాగ్_హామిల్టన్

అప్‌డేట్ ఆలస్యమైంది, క్షమించండి.

42 శాతానికి తెచ్చాక కూడా నీళ్ళలా తేటగా ఉంది. ఫ్రిజ్‌లో పెడితే సన్నటి పొగలాంటిది కనిపించింది, బయట పెడితే పోయింది. మేడమ్ చెప్పినట్టు నాన్న డాక్టర్ని అడిగాను, ఒక చిన్న పెగ్గు వరకు పర్వాలేదన్నారు.

నాన్న వచ్చిన మూడో రోజు సాయంత్రం వరండాలో కూర్చున్నప్పుడు ఇచ్చాను. చాలాసేపు గ్లాసు ముక్కు దగ్గరే పట్టుకున్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. దేనితో చేశావో చూపించమన్నారు. ప్యాకెట్లో మిగిలిన కాసిని కాయలు పళ్ళెంలో పోసి గింజల సంగతి, మూడు గీతల సంగతి అన్నీ చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాయ కొస చూశారు. ఒకదాన్ని గోటితో నొక్కి వాసన చూసి, 'గ్లాసులో ఉన్నది ఇదే' అన్నారు. రెండో పెగ్గు ఆయన ఎప్పుడూ అడగరు, ఆ రోజూ అడగలేదు. లేచి లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక కాయ చొక్కా జేబులో వేసుకున్నారు.